ఏటిగట్టు కావలి

గోదావరి పాయల నడుమ పుట్టి పెరిగినవారికి ఆషాఢ శ్రావణమాసములలో నిద్ర రెండు విధములుగా నుండును. ఏటికి దూరముగా నున్న గ్రామములవారు వానచప్పుడు వినుచు సుఖముగా నిద్రింతురు. ఏటిగట్టు క్రింద నున్నవారు నడిరేయి లేచి, దీపము చేతబట్టుకొని గట్టెక్కి, ప్రొద్దుగ్రుంకువేళ నీటియంచున తాము గ్రుచ్చివచ్చిన పుల్ల కనబడుచున్నదో మునిగినదో చూచి వత్తురు. పుల్ల కనబడిన మరల పండుకొందురు. కనబడనిచో ఆ రాత్రి కింక నిద్ర లేదు. నేడు గంటగంటకును నీటిమట్టము చేతిలోని ఫోనునకే వచ్చుచున్నది. అయినను మా యూరివారు పుల్ల గ్రుచ్చుట మానలేదు. ఫోనులోని యంకె ధవళేశ్వరమునందలి నీటిని చెప్పును. పుల్ల మా వాకిటి నీటిని చెప్పును.

ధవళేశ్వరపు ఆనకట్ట కథను మన బాలురందరును పాఠశాలలో చదువుచున్నారు. కాటను దొర విగ్రహము లేని పట్టణము గోదావరి మండలములలో అరుదు. అది తగినదే. కాని ఆనకట్టతో పాటు పెరిగిన ఏటిగట్ల కథను మాత్రము చెప్పువారు తక్కువ. ఆనకట్ట వేసవిలో చేనికి నీరిచ్చినది. గట్టు వానకాలమున ఆ చేనిలోనికి నీరు రాకుండ నాపినది. ఈ రెండవ పనికి రాతికట్టడము చాలదు. ఏటేట, వరద వచ్చినపుడెల్ల, రాత్రింబవళ్లు మనుష్యుడు దానిమీద నిలిచి చూడవలెను. ఆ నిలిచినవా రెవరు, ఎవరి పొలముకొరకు నిలిచిరి అను ప్రశ్నను మన చరిత్రకారు లంతగా వేయలేదు.

నాసికకు చేరువనున్న త్ర్యంబకమున పుట్టిన యీ నది 1465 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరును. గౌతముడు గోహత్యాపాపమును పోగొట్టుకొనుటకై దీనిని తెచ్చెనని పురాణము. పాపమును కడుగవచ్చిన నది పైరును గూడ కడిగివేయుట గలదని మన పూర్వులకు తెలియనిది కాదు. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదలగు ఉపనదుల నీరెల్ల కలసికొని, పాపికొండల యిరుకున దూరి, పోలవరమువద్ద మైదానమున బడి, ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ యను రెండు పాయలుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయము చీలును. మహారాష్ట్రమందును, ఛత్తీస్‌గఢ్ అడవులయందును కురిసిన వానకు మా యూరిలో ఎండకాయుచుండగానే వరద వచ్చుట యిందువలననే.

ఇచ్చట నొక భూస్వభావమును తెలిసికొననిదే గట్టుభయము బోధపడదు. నది లోయలో ప్రవహించుననియు, ఒడ్డు లెత్తుగా నుండుననియు మనము తలచుచుందుము. మైదానమున నది సంగతి యట్లు కాదు. వేలయేండ్లు పొంగి పొర్లిన నది తన ఒండ్రును మొదట తన యంచుననే విడుచును. కాబట్టి ఏటియొడ్డు మెట్టగాను, ఏటికి దూరమగుకొలది నేల పల్లముగాను ఏర్పడును. వరదకాలమున నది ఒక విధముగా వీపుమీద పోవుచున్నదన్నమాట. కాటను కాలువలను మెట్టలమీదుగా త్రవ్వించి, రెండువైపుల పల్లమునకు నీరు పారించుటకు ఈ స్వభావమే యాధారము. వరము శాపము రెండును దీనిలోనే యున్నవి. గట్టు తెగెనా, బయటపడిన నీరు వరద తీసిన తరువాత ఏటిలోనికి తిరిగి పోదు. పల్లము వెదకికొనుచు ఊరూరు దాటి, మురుగుకాలువలను ముంచి, దినములకొలది చేలలో నిలిచిపోవును. ఏటికి పది మైళ్ల దూరమున హాయిగా నిద్రించినవాడును ఆ గట్టువలననే నిద్రించుచున్నాడు.

ఆనకట్టకు ముందు ఈ సీమ యెట్లుండెనో లెక్కలు చెప్పుచున్నవి. 1821 ప్రాంతమున రాజమహేంద్రవరము జిల్లాజనసంఖ్య సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు దిగెను. నడుమ నందననామ సంవత్సరపు కరవును, 1839 నాటి కోరంగి తుపానును వచ్చినవి. జీవనది ప్రక్కన జనులు కరవుచే చచ్చిరి. 1844లో మాంట్‌గోమరీ యను అధికారి ఈ దుర్దశను వివరించి నివేదిక వ్రాసెను. కాటను ఆనకట్టకు యోచన సిద్ధపరచెను. 1847లో పని మొదలయి 1852లో ముగిసెను. వీణెం వీరన్నగారు ఆ పనిలో కాటనునకు కుడిభుజముగా నుండిరి. నీరు కాలువలకెక్కిన పిమ్మట, అంతకుముందు వరద మునిగి తేలుచుండిన బీళ్లు వరిచేలైనవి. బీడు మునిగిన నొకరికి నష్టములేదు. వరిచేను మునిగిన రైతునకు పంట, సర్కారునకు శిస్తు రెండును పోవును. గట్టునకు విలువ వచ్చినది అప్పుడే.

ఆ విలువను ఎవరిచేత చెల్లింపజేసిరో చూడుడు. 1858 సంవత్సరపు మొదటి చట్టము చెన్నరాజధానికి సంబంధించినది. దానినే నిర్బంధశ్రమ చట్టమందురు. ఏటిగట్టో చెరువుగట్టో తెగు నపాయము తోచినపుడు, చుట్టుప్రక్కల నున్న కూలిపనివారి తరగతులలోని దేహపుష్టిగల పురుషులను గట్టుపనికి రప్పించుటకు ఆ చట్టము అధికారి కధికారమిచ్చినది. గ్రామస్థులు మట్టికట్టకు కావలసిన సామగ్రి యొసగవలెను. పిలిచినపుడు రానివానికి శిక్ష కలదు. కూలి యిత్తురు గాని, రాననుటకు మాత్రము వీలులేదు.

అపాయకాలమున అందరును చేయి వేయవలె ననుటలో తప్పేమియు లేదు. ఊరు తగులబడుచుండగా నీళ్లబిందె తేనివాని నెవరును మెచ్చరు. కాని యా చట్టము 'అందరు' అని చెప్పలేదు. కూలివారి తరగతులనే చెప్పినది. గట్టు తెగిన మునుగునది భూస్వామి చేను. ఆ గట్టుమీద వానలో తడియుచు తట్టమోయవలసినవాడు సెంటు భూమిలేనివాడు. చేనుగలవాడు తన యరుగుమీద కూర్చుండి పాలేరును పంపిన చాలును. చట్టము చేసినవారు పరదేశస్థులే గాని, అది మన యాచారమునకు సరిగా కుదిరినది. ఊరిలో మట్టిపని ఎవరిదో, కావలి యెవరిదో అంతకుముందే కులమునుబట్టి నిర్ణయమై యున్నది గదా! దొరలు దానికి ముద్ర వేసిరి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణమున నిర్బంధశ్రమను నిషేధించుచు, ప్రజాప్రయోజనమునకై రాజ్యము సేవను విధింపవచ్చును గాని అందులో మత, జాతి, కుల, వర్గభేదములను మాత్రమే పట్టి తారతమ్యము చూపరాదని చెప్పినది. ఆ వాక్యమును చదివినపుడెల్ల నాకు మా యేటిగట్టు జ్ఞప్తికి వచ్చును.

గట్టు చేసిన విభజన ఇంకొకటి కలదు. ఏటినడుమ ఒండ్రుమేటలే లంకలు. వానిలో ఊళ్లున్నవి, తోటలున్నవి; లంకపొగాకు పేరు వినని తెలుగువాడు లేడు. గట్టు లోపలనున్న మేము 'ఊరివారము', గట్టునకు ఏటివైపున నున్నవారు 'లంకవారు'. రెండువైపుల గట్లు కట్టి నదిని బంధించిన కొలది దాని వెడల్పు తగ్గి ఎత్తు పెరుగును. వెనుక నాలుగు చేలమీద పరచుకొని పోవు నీరే యిప్పుడు లంకలమీద నిలువున లేచును. మా గట్టు నొక యడుగు ఎత్తుచేసినపుడు మాకు కలుగు ధైర్యము వారికి కలుగదు. గట్టుకొరకు ఖర్చు వ్రాసిన యే కాగితమునను ఈ పద్దును వేరుగా వ్రాయగా నేను చూడలేదు.

1953 ఆగస్టులో, ఆంధ్రరాష్ట్ర మవతరించుటకు రెండునెలల ముందు, సుమారు 30 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. మా పెద్దలు తమ వయస్సును ఆ వరదనుబట్టి లెక్కపెట్టుకొనుచుండిరి. దానిని మించిన వరద యుండదని వారి నమ్మకము. 1986లో ఆ నమ్మకము పోయెను. ఆ సంవత్సరము ఆగస్టు నడుమ భద్రాచలమువద్ద నీరు 75 అడుగులు దాటినది. ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా పోయినది. పాత ఆనకట్టకు బదులు కట్టిన 175 తలుపుల క్రొత్త బ్యారేజి 1982లోనే పూర్తియై యుండెను. తలుపు లన్నియు ఎత్తివేయుటకంటె దానికి చేయదగినది లేదు. బ్యారేజి వరద నాపునని నేటికిని చాలమంది తలచుచున్నారు. అది నీటిని మలపునది గాని దాచునది కాదు.

అప్పటికి నాకారేండ్లు. మా యూరు వసిష్ఠపాయ గట్టుక్రింద నున్నది. ముందుదినము వరలక్ష్మీవ్రతము. మా యమ్మ చేతి తోరము విప్పకమునుపే ధాన్యపుబస్తాలు అటకమీది కెక్కింపవలసి వచ్చెను. మా నాన్నగారు గునపమును, గోనెసంచులును తీసికొని గట్టునకు పోయిరి. మూడుజాములవేళ పెద్ద కేక వినబడెను. గట్టు తెగెనని మా యమ్మ నన్నెత్తుకొని వీధిలోనికి పరుగెత్తెను. కాని వీధిలో జనులు ఏడ్చుట లేదు. చేతులు జోడించి గోదావరితల్లికి మ్రొక్కుచుండిరి. ఆవలిగట్టు ఎక్కడనో తెగినదట! మావైపు నీరు రెండంగుళములు తీసినదట! ఆ రెండంగుళములకై ఆవలియొడ్డున ఎన్ని యిండ్లు కూలెనో ఆ మ్రొక్కిన చేతులలో దేనికిని తోచలేదు. మా యమ్మయు మ్రొక్కినది. నా చేతులుకూడ పట్టి మ్రొక్కించినది. నలువదియేండ్లు కావచ్చుచున్నను ఆ మ్రొక్కు నన్ను విడువలేదు. వారు దుర్మార్గులు కారు. ఎదుటి గట్టువారును మాది తెగిన అట్లే మ్రొక్కియుందురు. గట్టు మనుష్యుని అట్టి స్థితిలో నిలుపును.

తరువాత 1986 నాటి మట్టమును ప్రమాణముగా గొని గట్లను ఎత్తుచేసి బలపరచు పనులు సాగినవి. కాని 2006 ఆగస్టులో, 1986 కంటె తక్కువయైన 28 లక్షల పైచిలుకు క్యూసెక్కులకే కోనసీమలో గట్లు తెగినవి. గట్టుబలము దాని ఎత్తులో మాత్రమే లేదని ఆ సంవత్సరము తెలిసివచ్చినది. నీరు గట్టుమీదుగా పొర్లుట ఒక విధము; ఏటివైపున ప్రవాహము కోసివేయుట రెండవది; ఈ రెండును కంటికి కనబడును. మూడవది కనబడదు. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలగుండ నీరు లోపలివైపునకు ఊటగా వచ్చును. ఊట తేటగా నున్నంతవరకు భయము తక్కువ. అది బురదరంగునకు తిరిగెనా, గట్టులోని మట్టి కొట్టుకొనివచ్చుచున్నదని గ్రహింపవలెను. గడియలలో అది బుంగయై, బుంగ గండి యగును. అనుభవము గల లస్కరు దానిని మూయబోడు. మూసిన నీరు ప్రక్కన దారి చేసికొనును. ఇసుకబస్తాలతో దానిచుట్టును బావిగట్టువలె కట్టి, లోపల నీరు ఎక్కనిచ్చి, ఒత్తిడిని ఒత్తిడిచే నాపును. ఈ విద్య యే బడిలోను చెప్పరు. దీనిని నేర్చిన లస్కరులు ముసలివారై పోవుచుండగా క్రొత్తవారు తగినంతమంది రాకుండుట విచారింపదగిన విషయము.

గట్టుమీద గుడిసెలు వేసికొన్నవారే బొరియలకు కారణమని చదువుకొన్నవారు నిందించుట కద్దు. గుంజలు పాతిన గట్టునకు హానియే. కాని ఎత్తైన నేల ఊరిలో నున్నంతయు ఒకరిదైనపుడు, స్థలములేని వాడెక్కడ గుంజ పాతవలెను? అతడు ప్రభుత్వపు మట్టిమీద పాతుచున్నాడు. మరియొకవైపున, ఇటుకబట్టీకో, ఇంటిమెరకకో గట్టుపాదమున మట్టి త్రవ్వుకొనిపోవు పెద్దమనుష్యుని మన మిట్లు నిందించుట చూడము. వరద వచ్చినపుడు పసుపుకుంకుమలు, చీర ఏటికి సమర్పించుటలో నాకు ద్వేషము లేదు. మా యింటను జరుగుచున్నది. మాఘమాసమున, నీరు అడుగంటియున్నపుడు, అదే భక్తితో నొక్కదినము గట్టుపొడవున నడచి బొరియలు వెదకిన ఆ తల్లికి కోపము వచ్చునా యని మాత్రము అడుగుచున్నాను.

ఎగువనున్న భద్రాచలము కథ కొంత వేరు. రామాలయపు పట్టణమును కాపాడుటకు కరకట్ట కట్టిరి. నది ఎక్కినపుడు కట్టలోని తూములను మూయుదురు. మూసిన తరువాత పట్టణములో కురిసిన వానకు దారి యుండదు. యంత్రములతో తోడి ఏటిలో పోయవలసినదే. గోడ బయటినీటి నాపినట్లే లోపలినీటినిగూడ నాపుచున్నది. అచ్చట 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు, ధవళేశ్వరమున 11.75, 13.75, 17.75 అడుగులకు మూడు. ఈ యంకెలు మా ప్రాంతమున పసిపిల్లలకును వచ్చును. భద్రాచలపు నీరు మావరకు వచ్చుటకు దాదాపొక దినము పట్టును గనుక, మేము రామునివద్ద నీరెంతయున్నదని నేడడిగి రేపటికి మూటలు కట్టుకొందుము.

2022లో వరద జూలైలోనే వచ్చినది. శ్రావణమున రావలసిన పెద్దవరద ఆషాఢమున వచ్చుట మా పెద్దలు కనివిని యెరుగనిది. భద్రాచలమున 71 అడుగులు దాటినది. ధవళేశ్వరమున 25 లక్షల క్యూసెక్కులకు పైబడినది. ఆషాఢపూర్ణిమ గడచి మూడునాలుగు దినము లయ్యెను; పోటు బలముగా నుండి సముద్రము నీరు లాగుటలేదని జాలరులు చెప్పిరి. ఆ రాత్రి నేనును గట్టుమీద నుంటిని. రైతులు, కూలీలు, విద్యార్థులు, ఉద్యోగులు వరుసగా నిలిచి ఇసుకబస్తాలు చేతికిచేతి కందించుకొనిరి. 1858 నాటి చట్టమున పేర్కొనబడని తరగతులవారిని ఆ వరుసలో చూచి సంతోషించితిని. అందరును వచ్చిరని మాత్రము చెప్పజాలను.

లంకలనుండి వచ్చినవారు గట్టుమీద పరదాలక్రింద, పశువులతోకూడ నుండిరి. వారిలో నొక ముసలియాయన నా ప్రక్కన కూర్చుండి నీటివైపు చూచుచుండెను. ఆయన చూచునది మావలె నీటియంచును కాదు. నీటినడుమ నిలిచిన ఒక కొబ్బరిచెట్టు మొవ్వును. అది ఆయన పెరటిచెట్టు.

"గట్టు ఆగుతుందంటారా తాతా?" అని అడిగితిని.

"ఆగుద్దండి మేష్టారూ. మీకది గోడండి, మాకది అరుగండి. గోడ పడిపోద్దేమోనని మీరు చూత్తన్నారు, అరుగు దిగి ఇంటికెప్పుడెల్తామా అని మేం చూత్తన్నామండి" అనెను.

ఆయన మాటలో నిష్ఠురము లేదు. ఒక టీగ్లాసు నాచేతికిచ్చి, తా నింకొకటి తీసికొనెను. తెల్లవారునప్పటికి మావైపు గట్టు నిలిచియుండెను. నా పుల్ల మునిగియుండెను గాని, దాని వెనుక జానెడు దూరమున గ్రుచ్చిన రెండవపుల్లను నీరంటలేదు.

మా పాఠశాల నాలుగుదినములు లంకవారికి విడిదియయ్యెను. వారు వెడలిపోయిన మరునాడు తరగతిగది తలుపు తీయగా నల్లబల్ల నిండ సుద్దతో అంకె లున్నవి. లంకపిల్ల యెవరో ధవళేశ్వరపు మట్టమును గంటగంటకు, గడియారపువేళతో సహా, వరుసతప్పక వ్రాసినది. ఎక్కుచున్నంతసేపు అడుగులును, అంగుళములును విడివిడిగా పెద్ద యక్షరములతో నున్నవి. తీయుట మొదలిడిన తరువాత అక్షరములు చిన్నవైనవి. మూడవ హెచ్చరిక తీసివేసినారని చివరిపంక్తి. దానిక్రింద తమ యింటిలో ఎంత యొండ్రు ఎత్తవలెనో అని కాబోలు, గది కొలతలు వేసి ఒక గుణకారము చేయబడియున్నది. ఆ గుణకారమున తప్పులేదు. ఆ దినము ఆ నల్లబల్లను తుడువక, రెండవ గదిలో పాఠము చెప్పితిని.